టమాట కాండంలో దాగిన వేళ్లు

మిద్దె తోట పెంచుతున్న ఒకావిడ అడిగారు: "ప్రోట్రేలోంచి (నారు పెంచే గుంతల ట్రే) టమాట నారును కప్పుల్లోకి మార్చేటప్పుడు కాండాన్ని సగం దాకా పూడ్చమంటున్నారు. కుళ్లిపోదా అండీ?"

కుళ్లదు. పూడ్చిన చోట కొత్త వేళ్లు వస్తాయి. ముదిరిన టమాట మొక్క మొదలును దగ్గరగా చూడండి. నూగు మధ్య తెల్లటి చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయి. చాలామంది తెగులేమోనని టెన్షన్ పడతారు కానీ, అవి అదను కోసం చూస్తున్న వేళ్ల మొలకలు. కాండం నుంచి పుట్టే ఇలాంటివాటిని అబ్బురపు వేళ్లంటారు. బడిలో మర్రి ఊడల పేరు చెప్పి వదిలేస్తారు. టమాట కొమ్మ ఒకటి గ్లాసు నీళ్లలో పెట్టి చూపిస్తే పిల్లలు ఎప్పటికీ మరిచిపోరు.

అసలు సంగతి హార్మోన్లది. చిగురులో, లేత ఆకుల్లో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కణం నుంచి కణానికి కిందికి దిగుతుంది. దాన్ని బయటికి పంపే పిన్ ప్రొటీన్లు ఎక్కువగా కణం అడుగువైపే ఉంటాయి కాబట్టి దాని దారి కిందికే. ఇక కాండం ఎప్పుడూ కొద్దికొద్దిగా ఇథిలీన్ వాయువును వదులుతుంటుంది. మామూలుగా అది గాలిలో కలిసిపోతుంది. తడి మట్టి కప్పితే అంత తేలిగ్గా పోలేదు, ఎందుకంటే వాయువులు గాలిలో కన్నా నీటిలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తాయి. అలా పోగైన ఇథిలీన్ ఆక్సిన్‌ను అక్కడికి రప్పిస్తుంది. దాంతో కాండంలోని నాళాల పక్కనున్న కణాలు విభజన చెంది వేళ్లవుతాయి.

మామిడికాయను మగ్గించేదీ ఈ ఇథిలీనే! 'నెవర్ రైప్' అనే ఉత్పరివర్తన (జన్యువు మారిన) టమాట ఈ వాయువును సరిగ్గా పసిగట్టలేదు. దాని కాయలు సరిగా పండవు, కాండం మీద వేళ్లూ తక్కువే వస్తాయి. కాయ పండడానికీ, కాండం వేరు వెయ్యడానికీ ఒకే కబురు. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అలాగని నీళ్లు నిలవనివ్వకండి. ఆక్సిజన్‌కూ అదే 10,000 రెట్ల లెక్క వర్తిస్తుంది, వేళ్లకు ఊపిరాడదు. చిన్న నారును ఒకేసారి పెద్ద కుండీలో పెట్టొద్దనేది ఇందుకే. అది తాగలేని నీరంతా మట్టిలోనే ఉండిపోతుంది.

"ఫలానా ఆవిడ హస్తవాసి మంచిది, ఏది నాటినా బతుకుతుంది" అంటుంటారు. ఆవిడ చేతులనే గమనించండి. కాండం పట్టుకుని లాగరు, మట్టిగడ్డ చెదరకుండా అడుగు నుంచి ఎత్తుతారు. వేరు మీది నూగులో ఒక్కో పోగూ ఒకే ఒక్క కణం, పొడవు మిల్లీమీటరుకు అటూ ఇటూ. నీరు పీల్చడంలో దానిదే పెద్ద పాత్ర. గడ్డ విడిపోతే అది తెగి మొక్క తలవాలుస్తుంది. తిథితో పనిలేదు, ఎండ తగ్గాక నాటితే చాలు.

మిరప, వంగ కాండాలకు ఇంత చురుకు లేదు. వాటిని ట్రేలో ఉన్న లోతులోనే పెట్టండి.

అంటు కట్టిన టమాటనైతే అసలు లోతుగా నాటకూడదు. బాక్టీరియా ఎండు తెగులును తట్టుకునే వంగ వేరు మీద టమాటను అంటు కడతారు. తైవాన్‌లోని వరల్డ్ వెజిటబుల్ సెంటర్ సిఫారసు చేసే ఈజీ203 అలాంటి వంగే. అంటు కట్టిన చోటు మట్టిలోకి వెళ్లిందా, పైనున్న టమాట సొంత వేళ్లు వేసుకుంటుంది, మట్టిలోని తెగులు వాటిలోంచే ఎక్కేస్తుంది. తర్వాత మట్టి ఎగదోసేటప్పుడు కూడా అంటును పైకే ఉంచి, దాని పైభాగాన వేళ్లు కనిపిస్తే కత్తిరించెయ్యండి.