కాళ్లలో తగ్గే సత్తువ, మనసులో పేరుకునే దిగులు: అపోహలు – వాస్తవాలు

విశాఖపట్నంలో ఫిజియోథెరపిస్టుగా నేను చూసే పెద్దవారిలో ఎక్కువమంది మోకాళ్ల నొప్పులనో, నడుము పట్టేసిందనో, నడుస్తుంటే తూలు వస్తోందనో చెబుతారు. పరీక్షించి చూస్తే వారిలో చాలామందికి తొడల్లో కండ తగ్గిపోయి ఉంటుంది, మనసులో దిగులు పేరుకుని ఉంటుంది. ఇంట్లోవాళ్లు మొదటిదాన్ని వయసు ఖాతాలోనూ, రెండోదాన్ని స్వభావం ఖాతాలోనూ వేసి ఊరుకుంటారు. ఈ రెండింటినీ కలిపి చూడనంతకాలం ఏ ఒక్కటీ సరిగా కుదుటపడదని నేను గట్టిగా నమ్ముతాను. నాకు తరచూ వినిపించే అపోహలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

అపోహ: వయసు పైబడ్డాక బలం తగ్గడం సహజం, దానికి చేయగలిగింది ఏమీ లేదు.

వాస్తవం: యాభై దాటాక ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున కండ తగ్గుతుంది, బలం అంతకంటే వేగంగా తగ్గుతుంది. అంతవరకు సహజమే. అయితే లేచి నిలబడడానికీ, మెట్లు ఎక్కడానికీ, తూలినప్పుడు నిలదొక్కుకోవడానికీ కష్టమయ్యేంతగా తగ్గితే దాన్ని సార్కోపీనియా అంటారు. 1989లో ఈ పేరు పెట్టారు, 2016లో అమెరికాలో దీనికి వ్యాధిగా ప్రత్యేక కోడ్ కూడా వచ్చింది. 1990లో మరియా ఫియాటరోన్ అనే పరిశోధకురాలి బృందం బోస్టన్‌లోని ఒక వృద్ధుల కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్లవారి చేత ఎనిమిది వారాలపాటు బరువులతో తొడ వ్యాయామాలు చేయించగా, వారి బలం సగటున 174 శాతం పెరిగింది. అందులో పాల్గొన్నది పదిమందే అయినా, 1994లో అదే బృందం వందమందితో చేసిన అధ్యయనంలోనూ వ్యాయామం చేసినవారి బలం రెట్టింపు దాటింది. తొంభై ఏళ్ల వయసులో సాధ్యమైనది డెబ్బై ఏళ్ల వయసులో సాధ్యం కాదనడానికి ఆధారం లేదు.

అపోహ: పెద్దవారిని ఏ పనీ చేయనీయకుండా కూర్చోబెట్టి చూసుకోవడమే సేవ.

వాస్తవం: నేను ఎదుర్కొనే అపోహలన్నింటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎందుకంటే ఇది ప్రేమలోంచి పుడుతుంది. ఎంవీపీ కాలనీలో ఒక ఇంట చూసినది చెబుతాను. డెబ్బై దాటిన ఆ అమ్మగారు రోజూ రైతు బజారుకు స్వయంగా నడిచి వెళ్లి, కూరలు బేరమాడి తెచ్చేవారు. స్నానాల గదిలో ఒకసారి జారిన తరువాత, ఎముక విరగకపోయినా, పిల్లలు బజారు మాన్పించారు, ఆ తరువాత వంటింటి పని మాన్పించారు, చివరకు మంచినీళ్లు కూడా చేతికే అందించసాగారు. కొన్ని నెలలకు ఆవిడ మంచం మీది నుంచి రెండు చేతులూ ఊనితే తప్ప లేవలేకపోయారు. అంతకంటే నన్ను కలవరపరిచింది ఆవిడ మాట. "నేను లేకపోయినా ఈ ఇంట్లో ఏ పనీ ఆగదమ్మా" అన్నారు. కాళ్ల నుంచి పని తీసేసినప్పుడు, ఆ ఇంట్లో ఆవిడకున్న స్థానం కూడా పోయిందని ఆవిడకు అనిపించింది.

పూర్తి విశ్రాంతి పెద్దవారి కండను ఎంత వేగంగా తీసేస్తుందో కొలిచి చూసినవారున్నారు. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దలను పది రోజులు మంచం మీదే ఉంచితే, కాళ్లలోనే దాదాపు ఒక కిలో కండ తగ్గింది. జ్వరం వచ్చి ఆసుపత్రిలో వారం రోజులు పడుకున్న వ్యక్తి ఇంటికి వచ్చాక "ఇదివరకటి మనిషి కాడు" అని మనం అనుకోవడానికి పెద్ద కారణం ఇదే. పడతారేమోనన్న భయంతో కదలికను తగ్గిస్తే కండ తగ్గుతుంది, కండ తగ్గితే పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. స్నానాల గదిలో గోడకు పట్టుకోవడానికి కడ్డీ బిగించండి, జారని చాప వేయండి, రాత్రిపూట దారిలో దీపం ఉంచండి. పనిని మాత్రం తీసేయకండి.

అపోహ: బరువు తగ్గలేదు కాబట్టి కండ కూడా తగ్గలేదు.

వాస్తవం: తూకంలో అంకె మారకుండానే కండ కరిగి ఆ చోట కొవ్వు చేరవచ్చు. పొట్ట పెరుగుతూ తొడలు సన్నబడడం మన ప్రాంతంలో, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారిలో, తరచుగా చూస్తాం. తూకం కంటే కుర్చీ నిజం చెబుతుంది. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేసి, పెద్దవారిని రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోమనండి, పక్కనే ఒకరు నిలబడండి. ఆసియా నిపుణుల బృందం 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం, ఇందుకు 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే పరీక్ష చేయించుకోవాలి. నేను సెకన్లతో పాటు లేచే తీరును కూడా గమనిస్తాను. మొదటి రెండుసార్లు బాగానే లేచినవారు మూడోసారికి మోకాళ్లను లోపలికి దగ్గరగా నొక్కుతారు, నాలుగోసారికి కట్టుకున్న చెయ్యి తెలియకుండానే తొడ మీదికి జారుతుంది, ఐదోసారి కూర్చోవడం కాక కుర్చీలో కూలబడడం అవుతుంది. మెల్లగా కూర్చోలేకపోవడం కండ తగ్గిందనడానికి తొలి ఆనవాళ్లలో ఒకటి. చేతి పట్టు మగవారిలో 28 కిలోల కంటే, ఆడవారిలో 18 కిలోల కంటే తగ్గినా అదే సూచన. పిక్క చుట్టుకొలత కూడా కొలుస్తారు కానీ, కాళ్లకు నీరు పట్టినవారిలో దానిని నమ్మలేం.

అపోహ: రోజూ బీచ్ రోడ్డులో నడుస్తున్నాం కాబట్టి వేరే వ్యాయామం అక్కరలేదు.

వాస్తవం: ఉదయం పూట వాహనాలు ఆపేసిన రోడ్డు మీద స్నేహితులతో కలిసి నడవడం గుండెకూ మేలే, మనసుకు ఇంకా మేలు. దానిని ఎవరూ మానవద్దు. కానీ వయసుతో పాటు ముందుగా, ఎక్కువగా సన్నబడేవి వేగంగా, బలంగా పనిచేసే కండర తంతువులు, సమతలం మీద తీరిగ్గా నడిచేటప్పుడు వాటికి పెద్దగా పని తగలదు. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు పూర్తి చేసినవారు కూడా నేల మీది పీట నుంచి లేవడానికి గోడ పట్టుకోవడం నాకు ఆశ్చర్యం కలిగించదు. కండకు బరువు కావాలి. వారానికి రెండు మూడు రోజులు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, లీటరు నీళ్ల సీసాతో చేతులు పైకెత్తడం, ఒక్కొక్కటి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు చేస్తే మొదలుపెట్టడానికి చాలు. పన్నెండు తేలిగ్గా అయిపోతే బరువు పెంచాలి, పెంచకపోతే కండ పెరగదు. ఊపిరి బిగపట్టకూడదు. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఇటీవల శస్త్రచికిత్స ఉన్నవారు వైద్యుణ్ణి అడిగాకే మొదలుపెట్టాలి.

అపోహ: మనసుకేమీ కాలేదు, ఒంట్లో ఓపిక లేదంతే.

వాస్తవం: పెద్దవారిలో డిప్రెషన్ ఏడుపుగా కనబడడం తక్కువ. ఒళ్లు నొప్పులు, నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, చీటికిమాటికి విసుగు, మతిమరుపు, రోజూ ఇష్టంగా చేసే పూజ మీదా పేపరు మీదా ఆసక్తి పోవడం, ఇలా బయటపడుతుంది. ఇవి రెండు వారాలు దాటి కొనసాగితే వైద్యసలహా తీసుకోవాలి. థైరాయిడ్ లోపం, బి12 లోపం కూడా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి రక్తపరీక్షలు అవసరం. దిగులు ఉన్నవారు తినరు, కదలరు, అందువల్ల కండ తగ్గుతుంది. కండ తగ్గినవారు గడప దాటలేరు, నలుగురిలోకి వెళ్లలేరు, అందువల్ల దిగులు పెరుగుతుంది. పనిచేసే కండ రక్తంలోకి కొన్ని రసాయనాలను విడుదల చేస్తుందనీ, అవి శరీరంలోని వాపు ప్రక్రియను తగ్గించడానికి తోడ్పడతాయనీ పరిశోధకులు చెబుతున్నారు. 2018లో 33 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, బరువులతో చేసే వ్యాయామం డిప్రెషన్ లక్షణాలను తగ్గించిందని తేలింది. ఆ అధ్యయనాల్లో అన్ని వయసులవారూ ఉన్నారు. బలం ఎంత పెరిగిందన్న దానితో నిమిత్తం లేకుండా ఈ మేలు కనిపించడం గమనించవలసిన విషయం.

అపోహ: నీరసంగా ఉంటే ఒక సెలైన్ సీసా ఎక్కించుకుంటే బలం వస్తుంది.

వాస్తవం: అర లీటరు ఐదు శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే, 100 కేలరీలు మించవు, ప్రోటీన్ అసలే లేదు. పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలని నిపుణులు సూచిస్తున్నారు, అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. మన ఇళ్లలో పెద్దవారు పొద్దున్న రెండు ఇడ్లీలతో, రాత్రి కాస్త ఉప్మాతో సరిపెట్టుకుంటారు, ఆ రెండు పూటలా కలిపినా పది గ్రాములు రావడం కష్టం. గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల చేపలో ఇరవై గ్రాముల వరకు ఉంటాయి. హార్బరు ఉన్న ఊళ్లో చేపకు కొదవ లేదు, పళ్లు లేనివారికి కూడా అది నమలడానికి మెత్తగా ఉంటుంది. శాకాహారులు పప్పు చిక్కగా వండుకోవాలి, రాత్రిపూట పాలో పెరుగో పనీరో తప్పక ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుడు చెప్పిన కొలతకు కట్టుబడాలి.

అపోహ: వ్యాయామం చేస్తున్నాం కాబట్టి డిప్రెషన్ మందులు మానేయవచ్చు.

వాస్తవం: మానకూడదు. మందు ఆపడం, తగ్గించడం వైద్యుడి నిర్ణయం. ఈ మందుల్లో కొన్నింటి వల్ల పెద్దవారిలో రక్తంలో సోడియం తగ్గి తూలు, తికమక రావచ్చు, అలా వస్తే వెంటనే వైద్యుడికి చెప్పాలి. "త్వరగా పోతే బాగుండు" అన్న మాటను చాదస్తంగా కొట్టిపారేయకండి. అటువంటి మాట విన్నప్పుడు వారిని ఒంటరిగా వదలకుండా, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకో, దగ్గరలోని మానసిక వైద్యుడి వద్దకో తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వృద్ధుల సహాయవాణి సంఖ్య 14567. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని, కుర్చీ పరీక్షకు పట్టిన సెకన్లను, ఈ ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారన్న వివరాన్ని ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.