ఈ గాయం మానకూడదు, చిక్కంతా అక్కడే

ఏ ఆపరేషన్ అయినా గాయం తొందరగా మానాలనే కోరుకుంటాం. గ్లాకోమాకి చేసే ట్రాబెక్యులెక్టమీలో మాత్రం కథ వేరు, పైన కుట్లు వేసిన చోట మానాలి, లోపల సర్జన్ తెరిచిన దారి మానకూడదు. కొన్ని మిల్లీమీటర్ల తేడాలో ఒకచోట మాను, ఇంకోచోట మానకు అంటే పాపం శరీరానికి ఏం తెలుస్తుంది, దానికి తెలిసింది గాయం కనపడితే పూడ్చడమే.

కంటి ముందు భాగంలో నీళ్ళలాంటి ద్రవం ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది, నిమిషానికి సుమారు 2 నుంచి 2.5 మైక్రోలీటర్లు. ఊరినంతా బయటికి పోవాలి. ఆ దారి సరిగ్గా పనిచేయకపోతే ప్రెజర్ పెరిగి వెనకున్న ఆప్టిక్ నరం మెల్లగా దెబ్బతింటుంది, గ్లాకోమా, మన మాటలో నీటికాసులు అనేది దీన్నే, పోయిన చూపు ఇక తిరిగి రాదు. చుక్కల మందులతో, లేజర్‌తో ప్రెజర్ దిగకపోతే ఆపరేషనే. 1968లో కెయిర్న్స్ అనే సర్జన్ వివరించిన పద్ధతి ఇది, తెల్లగుడ్డులో చిన్న మూతలా కోసి, దాని కింద రంధ్రం చేస్తారు, ద్రవం అందులోంచి వచ్చి పైనున్న పల్చటి పొర కంజంక్టైవా కింద, పై రెప్ప చాటున చిన్న బుడగలా నిలుస్తుంది. దాని పేరు బ్లెబ్. అక్కడినుంచి మెల్లగా ఇంకిపోతుంది.

బ్లెబ్ బతికితే ఆపరేషన్ బతికినట్టే. కానీ కోత పడగానే ఆ పొరల్లో ఉండే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు నిద్రలేస్తాయి, సంఖ్య పెరుగుతాయి, కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు అల్లడం మొదలుపెడతాయి, చివరికి గట్టి మచ్చ తయారై దారి మూసుకుపోతుంది.

దీన్ని ఆపడానికి క్యాన్సర్ మందులు తెచ్చారు. 5-ఫ్లోరోయూరాసిల్‌తో 1980ల్లో అమెరికాలో జరిగిన పెద్ద స్టడీలో మొదటి వారం రోజుకి రెండు, రెండో వారం రోజుకి ఒకటి, అంటే మొత్తం 21 ఇంజెక్షన్లు, అదీ కంటి పొర కింద! ఐదేళ్ళ తర్వాత చూస్తే మందు ఇచ్చిన కళ్ళలో 51 శాతం ఫెయిల్, ఇవ్వని వాటిలో 74 శాతం. తేడా ఉంది, కానీ పేషెంట్ పడ్డ బాధ కూడా లెక్కలోకి రావాలి కదా. తర్వాత వచ్చిన మైటోమైసిన్ చాలా పవర్‌ఫుల్, ఆపరేషన్ మధ్యలో స్పాంజి ముక్కని అందులో తడిపి కొన్ని నిమిషాలు పెట్టి తీసేసి కడిగేస్తే చాలు. అయితే ఆ కాసేపటి దెబ్బకే కొన్ని కళ్ళలో బ్లెబ్ పొర రక్తనాళాలు లేకుండా పల్చబడిపోతుంది, లీక్ అవ్వచ్చు, ఏళ్ళ తర్వాత ఇన్ఫెక్షన్ కూడా లోపలికి పోవచ్చు.

నాకు దీంట్లో కనిపించేది ఏంటంటే, ఇక్కడ కొరత మందు బలానిది కాదు, టైమింగ్‌ది. మచ్చ వారాల తరబడి, నెలల తరబడి తయారవుతుంది, మనమేమో నిమిషాల్లో మందు పెట్టి తీసేస్తున్నాం. మచ్చని ప్రేరేపించే టీజీఎఫ్-బీటా2 అనే ప్రోటీన్‌ని అడ్డుకునే యాంటీబాడీ ఒకటి ఎంతో ఆశ పెట్టింది, కానీ ఆపరేషన్ టైంలోనూ తర్వాత కొన్నాళ్ళలోనూ నాలుగు ఇంజెక్షన్లుగా ఇచ్చి చూస్తే మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌కీ దానికీ తేడా లేదని 2007లో తేలింది.

అందుకే పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) ఇంప్లాంట్ ఆలోచన నాకు అంత నచ్చుతుంది. మందు కలిపిన చిన్న ముక్కని ఆపరేషన్‌లోనే బ్లెబ్ కింద పెట్టేస్తే అది రోజూ కొంచెం కొంచెం వదులుతూ తనే కరిగిపోవాలి. ఇలాంటి పదార్థాలు కొత్తవేం కావు. కరిగిపోయే కుట్లకి వాడే జాతి పాలిమరే పీఎల్‌జీఏ, అది విడిపోతే మిగిలేవి లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలు. దీంతో చేసిన స్టెరాయిడ్ ఇంప్లాంట్ ఓజర్డెక్స్ 2009 నుంచి, ప్రెజర్ తగ్గించే డురిస్టా 2020 నుంచి అమెరికాలో అనుమతితో వాడుతున్నారు, రెండూ కంటి లోపలే పెట్టేవి. ఇక పాలీఅన్‌హైడ్రైడ్ అనే ఇంకో రకం కరిగే పాలిమర్ బిళ్ళలు, వాటిలో 5-ఫ్లోరోయూరాసిల్‌కి దగ్గరి మందైన 5-ఫ్లోరోయూరిడీన్ పెట్టి కోతుల కళ్ళలో చేసిన ప్రయోగం 1990లోనే వచ్చింది, అదే కుటుంబపు పాలిమర్‌ని మెదడు కణితి తీసిన చోట పెట్టే బిళ్ళగా 1996లో అనుమతించారు.

ఈ రెండు పాలిమర్లూ కరిగే తీరు మాత్రం వేరు. పాలీఅన్‌హైడ్రైడ్ సబ్బుబిళ్ళలా పైనుంచి అరుగుతుంది కాబట్టి మందు దాదాపు సమానంగా వస్తుంది. పీఎల్‌జీఏ నానిన అట్టముక్కలా మొత్తం లోపలిదాకా నీళ్ళు పీల్చుకుంటుంది, దాంతో మొదట్లో ఒక్కసారిగా కొంత మందు బయటపడుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, చివర్లో ముక్క విడిపోయేటప్పుడు మళ్ళీ గబగబా రావచ్చు. పొర కింద మచ్చ ఆపే డోసుకీ పొరనే చంపే డోసుకీ మధ్య జాగా తక్కువ కాబట్టి ఇది చిన్న విషయం కాదు. పైగా ఆ ముక్క ఉండేది రెప్ప కింద, రెప్ప కొట్టిన ప్రతిసారీ రాపిడి, కాస్త గరుకుగా ఉన్నా అదే కొత్త మంట రేపి కొత్త మచ్చకి కారణమవుతుంది.

ఇంకో అడ్డం కుందేళ్ళు. చాలా ప్రయోగాలు వాటి కళ్ళలోనే చేస్తారు, కానీ కుందేలు కంట్లో గాయం చాలా వేగంగా మానుతుంది, మందు లేకపోతే బ్లెబ్ సాధారణంగా రెండు మూడు వారాల్లోపే పోతుంది. కాబట్టి దాని కంట్లో నెల రోజులు నిలిచిందంటే పెద్ద విజయమే, మనిషి కంట్లో మాత్రం నెల రోజులకి మచ్చ పని ఇంకా నడుస్తూనే ఉంటుంది.