అన్నం మానేస్తే బుర్ర చురుగ్గా ఉంటుందన్న మాట ఎక్కడిది?

చెన్నై పెరుంగుడిలో మా ఆఫీసు పక్కనే ఒక ఆంధ్రా మెస్ ఉంది. కూర్చోగానే అరిటాకులో కందిపొడి, నెయ్యి పడతాయి, పప్పుతో తినడం అయ్యేలోపే మళ్లీ అన్నం వస్తుంది, చెయ్యి అడ్డం పెట్టేలోపు ఇంకో గరిటె పడిపోతుంది. మధ్యాహ్నం రెండున్నరకి స్క్రీన్ మీద అక్షరాలు అలుక్కుపోతుంటాయి. మనవాళ్లు దీనికి ఎప్పుడో భుక్తాయాసం అని పేరు పెట్టారు. అందుకే తొరైపాక్కంలో ఉండే మా బావ ఫోన్ చేసి "అన్నం మానేసి మూడు వారాలైందిరా, బుర్ర కడిగిన పలకలా ఉంది" అంటే వెంటనే నమ్మాను. ఆయనకి కలిగిన హాయి నిజమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ దానికి అందరూ చెప్పే కారణం, అంటే అన్నం మానితే లివర్ కొవ్వు నుంచి తయారుచేసే కీటోన్లు అనే ఇంధనంతో మెదడు ఇంకా బాగా నడుస్తుందన్న మాట, దాని మీదే నాకు అనుమానం.

బరువు తగ్గడానికి పిండిపదార్థాలు మానడం పాత సంగతే. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ బ్రెడ్డు, చక్కెర, బంగాళాదుంప, బీరు మానేసి సన్నబడ్డానని ఒక చిన్న పుస్తకం వేశాడు. బుర్ర సంగతి మాత్రం అక్కడ కాదు, మూర్ఛతో బాధపడే పిల్లల దగ్గర మొదలైంది. ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతున్నాయని 1911లో పారిస్ డాక్టర్లు రాశారు, కానీ పసిపిల్లల్ని ఎన్నాళ్లని పస్తు పెడతారు? 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రిలో డాక్టర్ రస్సెల్ వైల్డర్ ఒక దారి చెప్పాడు. కొవ్వు బాగా పెంచి, అన్నం, రొట్టె లాంటివి దాదాపు తీసేస్తే ఒళ్లు ఉపవాసంలో ఉన్నట్టే నడుచుకుంటుంది, లివర్ కొవ్వు నుంచి కీటోన్లు తయారు చేస్తుంది. కీటోజెనిక్ డైట్ అన్న పేరు ఆయన పెట్టిందే. అక్కడే పనిచేసిన పీటర్‌మన్ 1925లో ఈ తిండి తిన్న పిల్లల్లో చిరాకు తగ్గిందని, ఆసక్తి, చురుకు పెరిగాయని రాశాడు. నాకు తెలిసినంతలో మా బావ మాటకి విత్తనం అదే. కానీ వాళ్లు ఎలాంటి పిల్లలు? ఫిట్స్‌తో నలిగిపోయినవాళ్లు. ఫిట్స్ తగ్గితే ఏ బిడ్డ మొహమైనా తేటపడదా?

1938లో ఫెనిటోయిన్ అనే ఫిట్స్ మందు వచ్చాక అందరూ మాత్రల వైపు వెళ్లారు, డైట్ మూలనపడింది. అలాగని అది ఉత్త నమ్మకమేమీ కాదు. 2008లో లండన్ డాక్టర్లు ప్రకటించిన 145 మంది పిల్లల ట్రయల్‌లో, మూడు నెలలకి డైట్ తీసుకున్నవాళ్లలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి, తీసుకోనివాళ్లలో 6 శాతం మందికే తగ్గాయి.

మధ్యలో 1967లో ఇంకో ముఖ్యమైన ముక్క వచ్చి చేరింది. మెదడు ఒంటి బరువులో 2 శాతమే ఉన్నా ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో అయిదో వంతు అదే తినేస్తుంది, దానికి గ్లూకోజ్ తప్ప వేరే దిక్కు లేదని అప్పటిదాకా అనుకునేవారు. బోస్టన్‌లో జార్జ్ కాహిల్ బృందం అయిదారు వారాలు నిరాహారంగా ఉన్న ముగ్గురు ఊబకాయుల్ని పరీక్షించి, వాళ్ల మెదడుకి ఎక్కువ భాగం ఇంధనం కీటోన్ల నుంచే అందుతోందని చూపించింది. ఎంత గొప్ప విషయమో చూడండి, కరువొచ్చి తిండి దొరకని మనిషి మెదడు ఆరిపోకుండా ఒళ్లు చేసుకున్న ఏర్పాటది! కానీ "కీటోన్లతో మెదడు నడుస్తుంది" అన్నది చేతులు మారి మారి "కీటోన్లతో మెదడు ఇంకా బాగా నడుస్తుంది" అయి కూర్చుంది. ఈ రెండూ ఒకటి కాదు.

మామూలు మనుషుల మీద చేసిన పరీక్షలు చిన్నవి. 2009లో టఫ్ట్స్ యూనివర్సిటీ 19 మంది ఆడవాళ్లతో చేసిన పరీక్షలో, పిండిపదార్థాలు పూర్తిగా ఆపిన మొదటి వారం జ్ఞాపకశక్తి తగ్గింది, మళ్లీ కొద్దిగా తినడం మొదలుపెట్టాక కోలుకుంది. అయితే ఆ తక్కువ కార్బ్ (పిండిపదార్థాలు) వాళ్లే, కేలరీలు మాత్రమే తగ్గించుకున్న అవతలి జట్టుకన్నా తికమక తక్కువగా ఉందని చెప్పారు, ధ్యాస నిలిపే పరీక్షలో వేగంగా జవాబిచ్చారు కూడా. అదే ఏడాది ఆస్ట్రేలియాలో సంవత్సరం పాటు నడిపిన ట్రయల్‌లో కార్బ్ తగ్గించినవాళ్లకీ, కొవ్వు తగ్గించినవాళ్లకీ ఆలోచనాశక్తిలో పెద్ద తేడా కనిపించలేదు, మూడ్ మాత్రం కొవ్వు తగ్గించినవాళ్లకే మెరుగ్గా ఉంది.

బావకి మొదటి నాలుగు రోజులు ఒకటే తలనొప్పి. అన్నం ఆపితే ఇన్సులిన్ తగ్గుతుంది, దాంతో ఒంట్లోంచి ఉప్పూ నీళ్లూ బయటికి పోతాయి. అది సర్దుకున్నాక తేలిక మొదలైంది, నిజమే. కానీ ఆయన షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ పాత డోసులోనే వేసుకుంటున్నాడు, అన్నం తగ్గినా ఆ మాత్ర షుగర్‌ని దించుతూనే ఉంటుంది. ఒకరోజు సాయంత్రం వెళ్లేసరికి చొక్కా తడిసిపోయి, గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది, అడిగినదానికి పొంతన లేని జవాబులు. షుగర్ మీటర్లో 58, అంటే బాగా పడిపోయింది. అక్క పంచదార నీళ్లు కలిపి తాగించింది. బుర్ర తేటపడుతుందని మొదలుపెట్టిన తిండి పద్ధతి ఆయన బుర్రని ఆ అరగంట ఎక్కడికి తీసుకెళ్లిందో నేను దగ్గరుండి చూశాను. ఇన్సులిన్ వాడేవాళ్లకీ ఇదే ప్రమాదం. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వేసుకుంటూ అన్నం పూర్తిగా ఆపితే కీటోన్లు విషంలా పేరుకునే ముప్పు ఉంది, అప్పుడు మీటర్లో షుగర్ మరీ ఎక్కువగా కనిపించకపోవచ్చు కూడా. దయచేసి డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి.

షుగర్ ఉన్నవాళ్లు పిండిపదార్థాలు ఎంత తినాలన్న వాదన మన చెన్నైలో ఎన్ని మలుపులు తిరిగిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 1948లో స్టాన్లీ ఆసుపత్రిలో డయాబెటిస్ క్లినిక్ మొదలుపెట్టిన డాక్టర్ ఎం. విశ్వనాథన్, ఆ తర్వాత తన పేషెంట్లకి పీచు ఎక్కువున్న పిండిపదార్థాల భోజనమే పెట్టించి ఫలితాలు ప్రకటించారు. ఆయన కొడుకు డాక్టర్ వి. మోహన్, వారి సహచరులు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి)తో కలిసి చేసిన దేశవ్యాప్త సర్వేలో మన కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని తేలింది, అందులో తెల్లన్నం, చక్కెర వాటా పెద్దది. 18,090 మంది తిండి లెక్కలతో 2022లో వాళ్లు వేసిన అంచనా ప్రకారం, కొత్తగా షుగర్ వచ్చినవాళ్లు దాన్ని వెనక్కి తిప్పాలంటే పిండిపదార్థాలు 49-54 శాతానికి దిగాలి, ప్రోటీన్ 20 శాతం దాకా పెరగాలి. అంటే తగ్గించాక కూడా పళ్లెంలో సగం అవే. తండ్రీ కొడుకుల లెక్కలు వేరుగా కనిపిస్తాయి గానీ, పాలిష్ పట్టిన బియ్యం కుప్పగా పోసుకు తినమని ఇద్దరూ చెప్పలేదు.

బావకి డాక్టర్ మాత్ర డోసు తగ్గించారు. ఇప్పుడు మధ్యాహ్నం ఒక చిన్న గిన్నె అన్నం, దానికి రెట్టింపు చిక్కుడుకాయో బీరకాయో కూర, గట్టి పప్పు, రెండు గుడ్లు, తిన్నాక ఆఫీసు చుట్టూ పది నిమిషాల నడక. మూడింటికి మీటింగులో కునుకు రావట్లేదంటున్నాడు. కీటోన్లు చూసే స్ట్రిప్ తెప్పించి పరీక్షిస్తే లేవనే చూపించింది.