"నాకేముందమ్మా, ముందు ఆయన్ని చూడండి"

తెనాలిలో ఇరవై ఏళ్లకు పైగా జనరల్ ప్రాక్టీసు చేస్తున్నాను. భర్త షుగర్ రిపోర్టులు, అత్తగారి మోకాళ్ల ఎక్స్‌రేలు, పిల్లాడి పాత మందుల చీటీ అన్నీ ఒకే సంచిలో సర్దుకొచ్చే ఆడవాళ్లను రోజూ చూస్తుంటాను. అందరివీ అయ్యాక "మరి మీ సంగతేంటి?" అంటే వచ్చే జవాబు ఒకటే: "నాకేముందమ్మా, బాగానే ఉన్నా." ఆ మాట అంటుండగానే కింది కనురెప్ప లాగి చూస్తే లోపల పాలిపోయి ఉంటుంది. ఇది వాళ్లకోసం రాస్తున్నాను. వాళ్ల ఇంట్లోవాళ్లూ చదవాలి.

అపోహ: బాధేమీ లేదంటే ఒళ్లు బాగున్నట్టే.

వాస్తవం: బీపీ చాలామందిలో ఏ లక్షణమూ చూపించదు. ఏళ్ల తరబడి అలాగే ఉండి గుండెని, కిడ్నీలని, మెదడులోని రక్తనాళాలని దెబ్బతీస్తుంది. తల నొప్పిగా ఉన్నరోజు మాత్ర వేసుకుని, తగ్గగానే ఆపేసేవాళ్లు నా దగ్గరికి వారానికి ఒక్కరైనా వస్తారు. తలనొప్పిని బట్టి బీపీ తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. ఇంట్లో మిషన్ ఉంటే, కాఫీ తాగి ఉంటే కనీసం అరగంట ఆగి, వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని చూసుకోండి. పదేపదే 135/85 లేదా అంతకన్నా ఎక్కువ వస్తుంటే డాక్టరుకి చూపించాలి.

అపోహ: బెల్లం, బీట్‌రూట్, ఖర్జూరం తింటే రక్తం పడుతుంది.

వాస్తవం: దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే ఒక వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లుంటే, లెక్క ప్రకారం వాళ్లలో ఒకరికి రక్తం తక్కువ. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు ఊడటం, మధ్యాహ్నానికే నీరసం, పిల్లలమీద ఊరికే కోపం రావడం, వీటన్నిటినీ "వయసు" అని సరిపెట్టుకుంటారు.

గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే అది రక్తహీనత. ఒకసారి అంత తగ్గాక బెల్లం ముక్కతో, గ్లాసుడు బీట్‌రూట్ రసంతో అది పూడదు. వాటిలో ఉండే ఇనుము కొద్దిపాటిదే, అందులో ఒంటికి పట్టేది ఇంకా కొద్ది. బెల్లంతో షుగర్ పెరగడం మాత్రం ఖాయం. ఐరన్ మాత్ర వాడాల్సిందే. దాన్ని ఎలా వేసుకుంటున్నారన్నదే అసలు సంగతి. టీతోనో, కాఫీతోనో వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, రెంటికీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదు. నిమ్మరసం తాగుతూ వేసుకుంటే మేలు. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడి మానేయకండి. రిపోర్టులో అంకె బాగుపడ్డాక కూడా మరో మూడు నెలలు వాడాలి, ఒంట్లో ఇనుము నిల్వలు నిండాలి కదా. నెలసరి ఎక్కువై రక్తం పోతుంటే ఆ కారణాన్ని కూడా వెతికి వైద్యం చేయించుకోవాలి.

ఇంకొక మాట. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలేది చారు, ఇంత పచ్చడి, మజ్జిగ. పప్పు, గుడ్డు, చేప ముక్క ఎప్పుడో అయిపోయి ఉంటాయి. వండిన మనిషి వాటా ముందే వేరే గిన్నెలో తీసిపెట్టాలని నేను భర్తలకే చెబుతుంటాను. ఆవిడ తనంతట తాను తీసిపెట్టుకోదు.

అపోహ: ఇంటి పని చేస్తున్నాం, వేరే వ్యాయామం ఎందుకు?

వాస్తవం: ఇంటి పని లెక్కలోకి వస్తుంది, ఆ కష్టాన్ని నేను తక్కువ చేయను. పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అదే సంస్థ వారానికి రెండు రోజులైనా కండరాలకి బలమిచ్చే వ్యాయామం కూడా చేయమంటుంది. పొయ్యి దగ్గర రెండు గంటలు నిలబడితే నడుం నొప్పి వస్తుందే గాని తొడల్లో బలం రాదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి, పాలు కాగుతుండగా గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించండి. మోకాళ్ల నొప్పులని వచ్చేవాళ్లలో చాలామందికి నేను మొదట చెప్పేది ఇదే.

అపోహ: నీళ్లు తక్కువ తాగితే బయట ఇబ్బంది ఉండదు.

వాస్తవం: టీచర్లు, బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు, కండక్టర్లు ఈ మాట అంటే కష్టంగా ఉంటుంది. నీళ్లు తగ్గించడం, మూత్రం ఆపుకోవడం ఇన్‌ఫెక్షన్లకి దారితీస్తాయి. ఇందులో తప్పు వాళ్లది కాదు, శుభ్రమైన మరుగుదొడ్డి లేని చోటుది. దానికోసం గట్టిగా అడగడం కూడా ఆరోగ్యం చూసుకోవడమే.

అపోహ: ఉపవాసంనాడు షుగర్ మాత్ర ఎప్పటిలాగే వేసుకోవచ్చు.

వాస్తవం: కూడదు, డాక్టరుని అడగందే అసలు కూడదు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకుని ఏమీ తినకపోతే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మొదలవుతాయి. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. కార్తీక సోమవారాలకి ముందే వచ్చి అడిగితే మోతాదు సర్దుతాం. నేనెవరి భక్తికీ అడ్డు రాను.

అపోహ: ఇరవై ఒక్క రోజులు పట్టుబట్టి చేస్తే అలవాటైపోతుంది, ఒకరోజు తప్పితే అంతా పోయినట్టే.

వాస్తవం: లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక అలవాటు తనంతట తాను జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలాయి, కొందరికి 254 రోజులు పడుతుందని తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినంతమాత్రాన పెద్ద తేడా రాలేదు. రోజూ జరిగే ఏదో ఒక పనికి కొత్త అలవాటుని ముడిపెట్టడమే ఇందులోని కిటుకు.

మా పేషెంటు ఒకావిడ బీపీ మాత్ర ఎప్పుడూ మర్చిపోయేది. ఫోన్లో అలారం పెట్టినా, కుక్కర్ కూతల మధ్య ఆపేసేదట. రోజూ సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టడం మాత్రం ఆవిడ ఎన్నడూ మర్చిపోదు. మాత్రల డబ్బాని అగ్గిపెట్టె పక్కన పెట్టుకోమన్నాను. దీపం వెలిగించి, దణ్ణం పెట్టి, మాత్ర వేసుకుని లేస్తోంది ఇప్పుడు. మొన్న వచ్చినప్పుడు సంచిలోంచి మొదట తన చీటీయే తీసింది.