చలికాలం, క్యాంపర్‌వ్యాన్ బ్యాటరీలు: అపోహలు - వాస్తవాలు

డిసెంబరు వచ్చిందంటే నా ఫోను పొద్దున ఆరున్నరకే మోగుతుంది. "అన్నా, బండి సెల్ఫ్ తీసుకోవట్లేదు, రాత్రి బాగానే ఉండె." మామూలు ఆటో ఎలక్ట్రీషియన్‌గా మొదలుపెట్టి, ఇప్పుడు ట్రావెలర్ బళ్లను క్యాంపర్‌వ్యాన్లుగా, అంటే లోపలే పడుకుంటూ ఊళ్లు తిరిగే బళ్లుగా, మార్చేవాళ్లకు వైరింగ్ చేస్తున్నాను. ఏటా ఈ సీజన్‌లో నేను వినే మాటలు ఇంచుమించు ఇవే.

అపోహ: చలికి బ్యాటరీ చచ్చిపోయింది

హైదరాబాద్ చలికి అంత సీను లేదు. మన దగ్గర తెల్లవారుజామున 13, 14 డిగ్రీలు ఉంటే దుప్పటి కప్పుకుంటాం. ఆ చలికి లెడ్ యాసిడ్ బ్యాటరీ శక్తి మహా అయితే పది శాతం తగ్గుతుంది. సున్నా డిగ్రీల దగ్గర ఇరవై శాతం దాకా పోతుంది. బ్యాటరీని నిజంగా తినేసేది మే నెల. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. 42 డిగ్రీల ఎండలో, ఇంజిన్ పక్కన ఉడికిన బ్యాటరీ లోపల ప్లేట్లు అప్పుడే దెబ్బతింటాయి. వేసవిలో ఇంజిన్ ఆయిల్ పల్చగా ఉంటుంది కాబట్టి ఎలాగోలా నెట్టుకొస్తుంది. డిసెంబరులో ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ మోటారు ఎక్కువ కరెంటు అడిగేసరికి అసలు సంగతి బయటపడుతుంది. అందుకే లోడ్ టెస్ట్ (బరువు వేసి బ్యాటరీ బలం చూడడం) దసరా అయిన వెంటనే చేయించమంటాను. చేయించేది పదిమందిలో ఒకరు.

అపోహ: మీటర్ 12 వోల్టులు చూపిస్తోంది, అంటే ఫుల్

12 వోల్టుల బ్యాటరీలో 12 ఉంటే అది పావు వంతే. ఛార్జింగ్ తీసేసి, లోడ్లన్నీ ఆపి, కొన్ని గంటలు ఆగాక 12.6 లేదా 12.7 చూపిస్తే ఫుల్. 12.2 అంటే సగం. 11.8 కిందికి దిగితే ఖాళీ అయినట్టే. ఇది లెడ్ యాసిడ్ లెక్క, లిథియం బ్యాటరీకి పనికిరాదు. దాని వోల్టేజి మధ్యలో చాలా దూరం 13.2, 13.3 దగ్గరే కదలకుండా కూర్చుంటుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే షంట్ (వచ్చీపోయే కరెంటును కొలిచే ముక్క) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టుకోవాల్సిందే.

అపోహ: కొత్త బ్యాటరీ వేస్తే సమస్య పోతుంది

నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. పోయిన చలికాలం ఒక రిటైర్డ్ దంపతులు బండిని టోయింగ్‌లో తీసుకొచ్చారు. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చారట, మూడోది కొనమని ఎవరో చెప్పారట. నేను మీటర్ ఒక కొసను ఇంజిన్ బ్లాక్ మీద, ఇంకో కొసను బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాను. 0.2 వోల్టు లోపు రావాల్సింది 1.4 వచ్చింది, అంటే వోల్టేజి ఎర్త్ దారిలోనే పోతోంది. ఎర్త్ వైరు లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) కింద పెయింటు, దాని చుట్టూ తుప్పు. ఎమరీ పేపర్‌తో రుద్ది, కొత్త లగ్గు క్రింప్ చేసి బిగించాను. బండి ఒక్క కొట్టుడుకి లేచింది. ఆయన కాసేపు నా వైపు, కాసేపు ఆమె వైపు చూశారు. "నేను ముందే చెప్పలేదూ, వైరు చూడండని" అందామె.

వెనక క్యాబిన్‌లోనూ ఇదే కథ. చలి ప్రాంతాలకు పోయేవాళ్లు డీజిల్ హీటర్ పెట్టించుకుంటున్నారు. నడిచేటప్పుడు అది పెద్దగా తినదు గానీ, వెలిగే ముందు గ్లో ప్లగ్ (డీజిల్ అంటుకునేలా వేడెక్కే ముక్క) కొన్ని నిమిషాలు పది ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ నుంచి ఆరు మీటర్ల దూరానికి 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల మందం) వైరు లాగారనుకోండి. పోను రాను పన్నెండు మీటర్లు, దారిలోనే దాదాపు 0.9 వోల్టు ఆవిరి. బ్యాటరీలో 12.2 ఉన్నా హీటర్‌కి అందేది 11.3. కొన్ని హీటర్లు అక్కడే లో వోల్టేజి కోడ్ చూపించి ఆగిపోతాయి. అర్ధరాత్రి, బయట మంచు, నిందేమో బ్యాటరీ మీద. 6 స్క్వేర్ వైరు వేస్తే ఆ నష్టం 0.4 లోపు ఉంటుంది. రాణీగంజ్‌లో మీటరుకు ఇంకాస్త ఎక్కువ పెట్టి మందం వైరు కొనండి. ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టండి.

అపోహ: లిథియం వేయించాం, చలితో టెన్షన్ లేదు

హైదరాబాద్‌లో నిజంగానే లేదు. లంబసింగి, అరకు దాకా కూడా ఫర్వాలేదు. కానీ మన ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిని ఉత్తరానికి పట్టుకుంటే శ్రీనగర్ చేరతారు. అక్కడ డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లాయ్ కలాన్ అనే గడ్డు చలికాలం, రాత్రిళ్లు సున్నా కిందే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మైనస్ 20 దాకా కరెంటు ఇవ్వగలదు. తీసుకోవడం దగ్గరే ఇబ్బంది. సున్నా కింద ఛార్జ్ చేస్తే అందులోని లిథియం, ప్లేటు లోపలికి ఇంకక, లోహంగా మారి పైనే పేరుకుంటుంది. ఆ మేరకు కెపాసిటీ శాశ్వతంగా పోయినట్టే. మంచి బీఎమ్‌ఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) చలికి ఛార్జింగ్ ఆపేస్తుంది. చవకరకం వాటిలో చాలావాటికి ఆ సెన్సారే ఉండదు, పొద్దున సోలార్ రాగానే ఛార్జ్ ఎక్కించేస్తాయి. కొనేటప్పుడు 'లో టెంపరేచర్ కటాఫ్ ఉందా' అని అడగండి. బ్యాటరీని ఛాసిస్ కింద వేలాడదీయకుండా, సీటు కింద పెట్టించండి. మీరు పడుకునే వెచ్చదనమే దానికీ చాలు.

అపోహ: చలికాలం సోలార్ దండగ

డిసెంబరు మధ్యాహ్నం మన ఊళ్లో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. టాపు మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కి నడినెత్తి ఎండలో ముప్పావు వంతు దొరుకుతుంది. ఆకాశం తేటగా ఉంటుంది, చల్లటి ప్యానెల్ ఇంకాస్త బాగా పనిచేస్తుంది. నన్నడిగితే మబ్బు పట్టిన జులై కన్నా ఇదే నయం. కాకపోతే ఎండ ఏటవాలుగా పడి నీడలు సాగుతాయి. లగేజీ క్యారియర్ నీడ ఒక మూల పడినా ప్యానెల్ బాగా డల్ అవుతుంది.

అపోహ: పావుగంట ఇంజిన్ ఆన్ చేసి ఉంచితే ఛార్జ్ ఎక్కుతుంది

ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) పూర్తి కరెంటు ఇవ్వదు. పైగా లెడ్ యాసిడ్‌లో చివరి ఇరవై శాతం నిండడానికి గంటలు పడుతుంది. కొన్ని బీఎస్-6 బళ్లలో మెయిన్ బ్యాటరీ నిండగానే ఆల్టర్నేటర్ వోల్టేజి తగ్గించేస్తుంది, ఇక వెనక క్యాబిన్‌ని నడిపే రెండో బ్యాటరీకి అందేది అంతంతే. వాటికి వోల్టేజిని పెంచి అందించే డీసీ టు డీసీ ఛార్జర్ తప్పదు. నాలుగు వైపులా మూసిన షెడ్డులో ఈ పని అసలే వద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

చిన్నాచితకవి రెండు. సిమెంటు నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందనేది పాత రబ్బరు డబ్బాల కాలం నాటి మాట, ఇప్పటి ప్లాస్టిక్ కేసులకు వర్తించదు. బ్యాటరీలో పోయడానికి ఏసీ నుంచి కారే నీళ్లు డిస్టిల్డ్ వాటర్‌తో సమానం కాదు, కాయిల్ మీది దుమ్మూ లోహమూ అందులో ఉంటాయి. ఆర్‌ఓ నీళ్లూ వద్దు.

అపోహ: బండి వాడట్లేదు కాబట్టి బ్యాటరీ భద్రం

దసరాకి పక్కన పెట్టిన బండిని సంక్రాంతికి ఊరెళ్దామని తీస్తారు. ఈలోపు జీపీఎస్ ట్రాకర్, స్టీరియో, అలారం కలిసి 0.1 ఆంపియర్ లాగినా నెలకు 72 ఆంపియర్ అవర్లు, అంటే ఒక మోస్తరు బ్యాటరీ మొత్తం. ఇన్వర్టర్ ఆన్‌లో మరిచిపోతే వారం కూడా ఆగదు. బండి పెట్టే రోజు ఫుల్ ఛార్జ్ చేసి, ముందు నెగటివ్ విప్పండి, పాజిటివ్ తర్వాత. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు.