అమ్మమ్మ వాళ్లమ్మ పేరేంటి?

మా ఇంట్లో తాతయ్య రాసిన పాత నోటుబుక్కు ఒకటుంది. మా ఇంటిపేరు వాళ్లందరూ ఏడు తరాల దాకా అందులో ఉన్నారు. ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరు దత్తు వెళ్లారో, ఏ మడి ఎవరి వాటాకు వచ్చిందో అన్నీ రాశాడు. ఆడపిల్లల దగ్గర మాత్రం గీత ఆగిపోతుంది. ‘టెక్కలి ఇచ్చాం’, ‘బొబ్బిలి ఇచ్చాం’, అంతే.

సరే, అమ్మ వైపు నేనే రాద్దామని నరసన్నపేట వెళ్లి అమ్మమ్మను అడిగాను. వాళ్లమ్మ పేరు చెప్పింది. ఆవిడ తల్లి పేరు అడిగితే కాసేపు ఆలోచించి, “ఏటో నాయినా, అందరూ ముసిలమ్మ అనీవోరు” అంది.

నోటుబుక్కుకు ఎక్కని ఆ వరస మన ఒంట్లో ఉంది. తిన్న తిండిని శక్తిగా మార్చే మైటోకాండ్రియాలు దాదాపు ప్రతి కణంలోనూ ఉంటాయని బళ్లో చదివాం కదా. వాటికి కేంద్రకంలోని డీఎన్ఏ కాకుండా సొంత డీఎన్ఏ ఉంటుంది. గాజులా గుండ్రంగా, 16,569 రసాయన అక్షరాలతో, 37 జన్యువులతో. వీర్యకణం కూడా తోక ఆడించడానికి కొన్ని మైటోకాండ్రియాలు వెంట తెచ్చుకుంటుంది గానీ, అండంలోకి చేరాక అవి నాశనమైపోతాయి. కాబట్టి కొడుకైనా కూతురైనా వేసుకునేది అమ్మ గాజే. తర్వాతి తరానికి అందించేది మాత్రం కూతురే.

ఈ గాజు తరతరాలకూ నకలవుతూ ఉంటుంది. ఎప్పుడో ఒక అక్షరం తప్పు పడుతుంది. సగటున మూడున్నర వేల ఏళ్లకు ఒకటి అని లెక్క. ఆ తప్పు అక్కణ్ణుంచి కూతుళ్లకూ, వాళ్ల కూతుళ్లకూ పోతుంది. ఒకే రకం తప్పులున్న వాళ్లంతా ఒకే తల్లి సంతతి అన్నమాట. దీన్నే హాప్లోగ్రూప్ అంటారు. 1987లో అలన్ విల్సన్ బృందం ఈ తప్పుల్ని పట్టుకుని వెనక్కి వెళ్తే, అందరి దారులూ సుమారు రెండు లక్షల ఏళ్ల నాటి ఒక ఆఫ్రికా స్త్రీ దగ్గర కలిశాయి. మన దేశంలో సగం మందికి పైగా ‘ఎం’ అనే కొమ్మకు చెందుతారు. అందులో ‘ఎం2’ ఇక్కడి బాగా పాత పాయల్లో ఒకటి.

మా వైపు మేనరికాలు ఈ లెక్కను సరదాగా మెలి తిప్పుతాయి. మా తాతయ్య చేసుకున్నది సొంత అక్క కూతుర్నే. తాతయ్యదీ ఆయన అక్కదీ ఒకే గాజు. అక్క నుంచి నానమ్మకు, నానమ్మ నుంచి మా నాన్నకు వచ్చింది. అంటే తాతయ్య ఇవ్వకపోయినా, ఆయనదీ ఆయన పిల్లలదీ ఒకటే. మేనత్త కూతుర్ని చేసుకుంటే నానమ్మ గాజు మళ్లీ అదే ఇంటికి వస్తుంది. మేనమామ కూతురైతే అలా కాదు, ఆ పిల్లకు వచ్చేది మేనమామ పెళ్లాం వైపుది. అందుకే పరిశోధకులు రక్త నమూనాలు తీసేటప్పుడు దగ్గర బంధువులను పక్కన పెడతారు. మా ఊళ్లో అలా పక్కన పెడితే ఎంతమంది మిగులుతారో!

ఇంతకన్నా ఆశ్చర్యం మందస, మెళియాపుట్టి కొండల్లోని సవరలది. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉండగా వాళ్ల భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం అచ్చు వేయించారు. అది తెలుగుకు చుట్టం కాదు. ముండా అనే వేరే కుటుంబానికి చెందిన భాష. దాని దూరపు చుట్టాలైన భాషలు కంబోడియాలో, వియత్నాంలో ఉన్నాయి. మరి మనుషులు? ముండా భాషలవాళ్ల మీద 2011లో వచ్చిన అధ్యయనంలో, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోముల్లో ఎక్కువ భాగం ఆగ్నేయాసియా వైపు చూపించాయి. తల్లి వైపు గాజులు మాత్రం దాదాపు అన్నీ ఇక్కడివే. వచ్చినవాళ్లు ఎక్కువగా మగవాళ్లనీ, ఇక్కడి ఆడవాళ్లను పెళ్లాడారనీ దీన్నిబట్టి అర్థం చేసుకుంటున్నారు. ఓ రకంగా ఇల్లరికం. కాకపోతే అత్తింటి భాష పోయి, అల్లుళ్ల భాష నిలిచింది.

అలాగని ఈ గాజు మన పుట్టుక మొత్తం చెప్పేస్తుందనుకోకూడదు. పది తరాలు వెనక్కి వెళ్తే లెక్కకు 1,024 మంది పూర్వీకులు. వాళ్లలో ఇది చెప్పేది ఒక్కావిడ గురించే. డబ్బు కట్టి టెస్టు చేయించుకుని ‘మాది ఫలానా జాతి’ అని వాట్సాప్‌లో పెట్టేవాళ్లు మిగతా 1,023 మందిని మర్చిపోతున్నట్టే.

నరసన్నపేట నుంచి వచ్చాక నోటుబుక్కు చివరి పేజీలో కింద నుంచి పైకి రాశాను. మా అక్క కూతురు, అక్క, అమ్మ, అమ్మమ్మ, వాళ్లమ్మ, ముసిలమ్మ. నా పేరు ఆ వరసలో లేదు.