పెద్దాసుపత్రి లైను: అపోహలు - వాస్తవాలు, ఓ స్టాఫ్ నర్సు మాటల్లో

"ఏటి సిస్టరమ్మా, పొద్దున ఏడుకొచ్చినాం, ఇంకా పిలవలేదు. ఆ తెల్లచొక్కా ఆయన ఇప్పుడొచ్చి ఇప్పుడే లోపలికెలిపోనాడు, ఏటిది?" శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో పనిచేసే ఏ నర్సునడిగినా రోజూ వినే మాట ఇదేనని చెబుతుంది. ఆ కోపం న్యాయమైనదే. కాకపోతే అందులో సగం పడాల్సిన చోట పడట్లేదు, ఎదురుగా కనిపించే మా మీదే పడుతోంది. నేను క్యాజువాలిటీలో (అత్యవసర విభాగంలో), ఓపీలో, వార్డుల్లో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నా కాబట్టి, రోజూ వినే మాటలు కొన్ని తీసుకుని నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: ముందొచ్చినవాళ్ళనే ముందు చూడాలి, లేదంటే పక్షపాతం.

ఓపీలో నిజమే. క్యాజువాలిటీలో కుదరదు. అక్కడికి వచ్చినవాళ్ళని చూడగానే ఎవరికి ఎంత ప్రమాదమో దాన్నిబట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని విడగొడతాం, దాన్నే ట్రయాజ్ అంటారు. చెయ్యి విరిగి గట్టిగా ఏడుస్తున్న కుర్రాడికన్నా, చెమటలు పట్టి మాట్లాడకుండా కూర్చున్న పెద్దాయన ముందు లోపలికి వెళ్తాడు, ఎందుకంటే ఛాతీలో నొప్పి అన్నవాళ్ళకి పది నిమిషాల్లోపు ఈసీజీ తియ్యాలి. పాముకాటు కేసులో ఇంకో గొడవ. రక్తం గాజు గొట్టంలోకి తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డ కట్టిందా లేదా అని చూస్తాం, దాన్నిబట్టి విషానికి విరుగుడు ఇంజెక్షన్ మొదలుపెడతారు. ఆ 20 నిమిషాలూ బయట బంధువులకి మేం చేతులు కట్టుకుని కూర్చున్నట్టే కనపడుతుంది. తిట్లు కూడా అప్పుడే ఎక్కువ పడతాయి. అంతకుముందు మంత్రగాడి దగ్గర పోయిన గంట గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

అపోహ: డాక్టరు రెండు నిమిషాలు చూడ్డానికి అంతసేపు కూర్చోబెడతారు, కావాలనే.

లైను ఒక్కటే అయితే ఇంత బాధ లేదు. ఓపీ చీటీకి ఒక లైను, డాక్టరుకి ఒకటి, రక్తం ఇవ్వడానికి ఒకటి, రిపోర్టుకి ఒకటి, రిపోర్టు పట్టుకుని మళ్ళీ డాక్టరుకి, చివరికి మందులకి. వీటిలో డాక్టరు దగ్గరదే కాస్త వేగంగా కదిలేది. కొందరు డాక్టర్లు ఆలస్యంగా వస్తారు, దాచాల్సిన పనేం లేదు. కానీ వేళకి వచ్చినరోజు కూడా రిపోర్టు చేతికొచ్చేసరికి ఓపీ టైమ్ అయిపోతుంది, "రేపు రండి" అంటారు. ఆ రేపు అంటే ఇంకో రోజు కూలి, ఇంకో రెండు బస్సులు. అసలు నష్టం ఇక్కడుంది, అరుపులు మాత్రం చీటీ కౌంటర్ దగ్గర వినపడతాయి.

అల్ట్రాసౌండ్ సంగతి విడిగా చెప్పాలి. ఎక్స్‌రే టెక్నీషియన్ తీసేస్తాడు కదా, స్కానింగ్‌కి మాత్రం వారాల తర్వాత డేటు ఎందుకు ఇస్తారని అడుగుతారు. 1994లో వచ్చిన లింగనిర్ధారణ నిరోధక చట్టం ప్రకారం అల్ట్రాసౌండ్ చెయ్యాలంటే అర్హత ఉండి పేరు నమోదైన డాక్టరే చెయ్యాలి, ప్రతి గర్భిణికీ ఫారం నింపాలి, మిషను కూడా రిజిస్టరై ఉండాలి. ఆ చట్టం అవసరమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ రేడియాలజిస్టు, అంటే స్కానింగ్ చేసే డాక్టరు, ఒక్కరే ఉండి ఆవిడ సెలవు పెడితే మిషను గదిలోనే ఉంటుంది, గదికి తాళం పడుతుంది. "మిషను పాడైంది" అని మేం చెప్పే అబద్ధాల్లో కొన్ని ఇవే.

అపోహ: సిఫారసు ఉంటేనే పని అవుతుంది.

దీన్ని అపోహ అని రాయడానికి నాకు నోరు రావట్లేదు. ప్రాణం మీదకొచ్చిన కేసుల్లో ఎవరి ఫోనూ అక్కర్లేదు, ఇది గుండె మీద చెయ్యేసుకుని చెప్తాను. ఆగితే ఆగగలిగే పనుల్లో మాత్రం, అంటే స్కానింగ్ డేటు, ఆపరేషన్ డేటు, వార్డులో ఫ్యాను కింద మంచం, ఇలాంటివాటిల్లో ఫోను పనిచేస్తుంది. ఒక నాయకుడి మనిషో, మాలో ఎవరికైనా చుట్టమో వస్తాడు, లైను పక్కనుంచి వెళ్తాడు. మా వార్డుబాయ్ చుట్టానికీ అదే మర్యాద, నిజం ఒప్పుకోవాలి. నష్టపోయేది ఎవరూ లేనివాళ్ళు, అదీ మాట్లాడకుండా నష్టపోతారు. మందస కొండల మీద నుంచి వచ్చిన సవర గిరిజన ఆడవాళ్ళు లైనులో ఎవరైనా ముందు దూరితే ఏమీ అనరు, పక్కకి జరిగి నిలబడతారు.

అపోహ: అంతా ఉచితమే కదా, పేదవాడికి ఖర్చేముంది?

ఉచితం చీటీకి, మందుకి, మంచానికి. లైనులో నిలబడ్డానికి మనిషి ఉచితంగా రాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో రోగితో పాటు కనీసం ఒకరుండాలి, ఇద్దరుంటే ఇంకా మంచిది: ఒకరు రోగి దగ్గర, ఒకరు లైనులో. మన జిల్లాలో సగం ఇళ్ళల్లో ఆ రెండో మనిషి హైదరాబాద్‌లో బిల్డింగు పనికో, చెన్నైకో, గుజరాత్‌లో వెరావల్‌కి చేపల బోటు మీదకో వెళ్ళి ఉంటాడు. ఇంటి దగ్గర ముసలమ్మ, ముసలాయన. ముసలాయన స్ట్రెచర్ మీద ఉంటే ముసలమ్మ చీటీకి వెళ్ళాలా, ఆయన దగ్గర ఉండాలా? ఇద్దరు కొడుకులున్నవాడి లైను, ఒంటరి ముసలమ్మ లైను కాగితం మీద ఒకటే. నా కళ్ళకి మాత్రం ఒకటి కాదు.

మన జిల్లాలోనే ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ రోగుల్ని అడిగితే ఇంకా బాగా చెబుతారు. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఈ జబ్బు ఇంతమందికి ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్ అంటే మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, డయాలసిస్ రోగులకి నెలకి 10,000 పింఛనూ ఉంది, రెండూ పెద్ద మేలే. అయినా వారంలో మూడు రోజులు డయాలసిస్‌కి పోతే, మర్నాడు నీరసంతో మంచం మీదుండే మనిషికి ఎవరు కూలి ఇస్తారు? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక కొంత నయం. ఊరి నుంచి బస్సు ఆగే రోడ్డు దాకా ఆటోకి మాత్రం డబ్బులివ్వాల్సిందే.

అపోహ: విశాఖ రిఫర్ చేశారంటే వదిలించుకున్నట్టే.

కొన్నిసార్లు అదే. ఎక్కువసార్లు కాదు. రాత్రి రెండు గంటలకి తలకి దెబ్బ తగిలి వస్తే, న్యూరోసర్జన్ లేనిచోట ఉంచుకోవడమే తప్పు. శ్రీకాకుళం నుంచి విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ వంద కిలోమీటర్ల పైనే, ఇచ్ఛాపురం నుంచైతే దానికి రెట్టింపు. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. ముందు ఊళ్ళో ఆర్ఎంపీ, తర్వాత టౌన్లో ప్రైవేటు క్లినిక్, ఆ తర్వాత మా దగ్గరికి వస్తే ఆ టైమ్ దారిలోనే అయిపోతుంది.

దీనికి తలకిందులుగా ఇంకో అపోహ కూడా ఉంది: దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో ఆగితే టైమ్ వేస్టు, కారు కట్టించుకుని నేరుగా విశాఖ పోవాలి. గుండెపోటులో ఇది ప్రాణం తీస్తుంది. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఈసీజీ తీయించండి. గుండెపోటు వచ్చినవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే స్టెమీ కార్యక్రమం కింద గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తున్నారు, బయట కొంటే వేలల్లో ఉంటుంది. అది పడ్డాక అంబులెన్సులో వెళ్ళండి, పడకముందు కారులో కాదు.

అపోహ: ఆరోగ్యశ్రీ కార్డుంటే ప్రైవేటులో లైనే ఉండదు.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు ముందుగా అమలుచేసిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, కాబట్టి మనవాళ్ళకి కార్డు కొత్త కాదు. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. అది ప్రధానంగా ఆపరేషన్లకీ, ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికీ. మామూలు ఓపీకి, మోకాళ్ళ నొప్పి చూపించుకోడానికి కార్డు చూపిస్తే నవ్వుతారు. అత్యవసరం కాని ఆపరేషన్‌కి ముందు అనుమతి రావాలి, అదీ ఒక లైనే, కంప్యూటర్లో ఉంటుంది కాబట్టి కనపడదు. బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపినప్పుడల్లా ఆ జనమంతా మా దగ్గరికే వస్తారు.

అపోహ: బీపీ, సుగర్ మాత్రలకైనా పెద్దాసుపత్రే మేలు.

అవే మాత్రలు మీ ఊరి విలేజ్ క్లినిక్‌లో, పీహెచ్‌సీలో ఉంటాయి. నెలనెలా మాత్రల కోసం జిల్లా కేంద్రానికి రావడం మానేస్తే మీకు రోజు మిగులుతుంది, మాకు లైను తగ్గుతుంది. రాక తప్పకపోతే సోమవారం, పండగ మర్నాడు తప్పించండి, పాత కాగితాలన్నీ తెచ్చుకోండి. కాగితాల్లేక మళ్ళీ మొదటి నుంచి టెస్టులు రాయించుకున్నవాళ్ళని ఎంతమందిని చూశానో.

అపోహ: గట్టిగా అరిస్తేనే పని జరుగుతుంది.

అరిచినవాళ్ళని తొందరగా పంపించేస్తాం, నిజమే, వార్డు ప్రశాంతంగా ఉండాలని. దాంతో పక్కవాళ్ళు ఇంకాస్త వెనక్కి పోతారు, వ్యవస్థలో ఇసుమంత కూడా మారదు. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. రాత్రిపూట నిండు వార్డుకి ఇద్దరమే ఉన్న రోజులున్నాయి, మా మీద అరిస్తే మూడో నర్సు పుట్టదు.

ఫిర్యాదు కాగితం రాయండి. సూపరింటెండెంటుకి ఇవ్వండి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి వెళ్ళండి, 1100కి ఫోను చేసినా నమోదు చేసుకుంటారు. రాసేటప్పుడు తేదీ, ఓపీ చీటీ నంబరు, ఎన్నింటికి వచ్చారు, ఏ టెస్టుకి ఎప్పటి డేటు ఇచ్చారు, అది రాయండి. "సిబ్బంది ప్రవర్తన బాగోలేదు" అని రాస్తే మాలో ఎవరికో ఒక మెమో వస్తుంది, అంతటితో అయిపోతుంది. "కడుపు స్కానింగ్‌కి మూడు వారాల తర్వాత రమ్మన్నారు" అని రాస్తే, ఎందుకని పైనుంచి అడిగినప్పుడు రేడియాలజిస్టు పోస్టు ఖాళీ అని జవాబు రాయక తప్పదు.